అడగకుండా పెట్టిన అన్నం

కోజికోడ్‌లో బిర్యానీ తిన్నాక ఒక సులైమానీ పడితే గానీ భోజనం అయినట్టు కాదు. పాలు కలపని పల్చటి టీ అది. కాస్త నిమ్మరసం, ఏలక్కాయ వాసన. 'జనతా హోటల్' పేరుతో 2018లో తెలుగులోకి వచ్చిన మలయాళ సినిమా 'ఉస్తాద్ హోటల్' చూసినవాళ్లకు ఆ ఊరి సముద్రపుటొడ్డు, ఆ తాతామనవళ్లు గుర్తుండే ఉంటారు.

2015లో అక్కడి కలెక్టర్ ఎన్. ప్రశాంత్ ఆకలి తీర్చే ఓ ప్రయత్నానికి ఈ టీ పేరే పెట్టారు: ఆపరేషన్ సులైమానీ. కేరళ హోటల్, రెస్టారెంట్ యజమానుల సంఘం చేయి కలిపింది. హోటళ్లలో డబ్బాలు పెట్టారు. తిని వెళ్లేవాళ్లు తోచినంత అందులో వేసేవారు. ఆకలితో ఉన్నవాళ్లకు విలేజ్ ఆఫీసుల వంటి చోట్ల కూపన్లు ఇచ్చేవారు. కూపన్ పట్టుకుని ఈ ఏర్పాటులో చేరిన హోటల్‌కి వెళితే భోజనం పెట్టేవారు. ఆ ఖర్చు డబ్బాల్లో పోగైన సొమ్ములోంచి తీరేది.

కూపన్ కావాలంటే కార్డు చూపించాల్సి వచ్చేది కాదు, కష్టం చెప్పుకోవాల్సి వచ్చేది కాదు. ఎందుకు తినలేదని ఎవరూ అడిగేవారు కాదు. నన్ను పట్టి ఆపింది ఈ సంగతే.

ఆకలి బిచ్చగాడికే ఉంటుందనుకుంటాం. పెద్దాసుపత్రి వరండాలో జబ్బుపడ్డ తన మనిషిని కనిపెట్టుకుని వారం రోజులుగా పడి ఉన్న రైతుకీ ఉంటుంది. మందులకే చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. నలుగురూ చూస్తుండగా పళ్లెం పట్టుకుని వరసలో నిలబడటానికి ఆయనకు ప్రాణం ఒప్పదు. టీ నీళ్లతో పూట గడిపేస్తాడు. అలాంటి మనిషి హోటల్లోకి మామూలుగా వెళ్లి, డబ్బిచ్చి తినేవాళ్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్లు తినేదే తిని చేయి కడుక్కుని బయటికి రావడం చిన్న విషయం కాదు.

అవసరం లేనివాళ్లు కూడా తినేసి పోరా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. ఎవరో ఒకరు తింటారు. ఆ ఒకరి కోసం మిగతా అందరినీ నిలదీయడం కంటే ఆ భోజనం పోతే పోనివ్వడమే మేలని నా అభిప్రాయం.

ఇది మనకు తెలియని ధర్మమేమీ కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ తలుపు తట్టినవాళ్లకు కూడా కులం అడగకుండా వడ్డించారు. ఆ తల్లి పోయింది 1909లో. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే ఉంది. హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం ఉంది, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. ఎంతోమంది ప్రాణం నిలబెడుతున్న చోట్లవి. వాటికి దండం పెట్టాల్సిందే. అయినా అక్కడికి రాలేనివాళ్లు మిగిలిపోతున్నారు.

హోటల్ నడుపుతున్న అన్నలకూ అక్కలకూ ఒక మనవి. గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల చుట్టుపక్కల మీవి ఎన్నో హోటళ్లున్నాయి. గల్లాపెట్టె పక్కన ఒక డబ్బా పెట్టండి. అందులో పడే డబ్బుకు మీ అమ్మకంలోంచి కొంత కలపండి. ఆసుపత్రిలోని నర్సమ్మల చేతికి నాలుగు టోకెన్లు ఇచ్చి ఉంచండి. ఎవరు తినలేదో వాళ్లకు తెలుసు.

టోకెన్ తెచ్చినవాళ్లను మాత్రం ఏమీ అడక్కండి.