వేసవిలో రైతు ఇంట గడ్డి, పెంట, నీరు



దాళ్వా ధాన్యము ఇంటికి చేరినది. ఇక తొలకరి పడువరకు పొలములో చెప్పుకొనదగిన పని లేదని మనలో చాలమంది తలంచుట వాడుక. కాని ఏడాది మొత్తము మీద రైతు ఇంట జరుగు నష్టములలో పెద్దవి ఈ రెండు మూడు మాసములలోనే జరుగుచున్నవి. ఈ కాలములో పోగొట్టుకొను వస్తువులకు మనము రొక్కము చెల్లించము. అందుచేత నష్టము కంటికి కనబడదు. జ్యేష్ఠ మాసములో పశువుకు మేత వెదకుకొనుచు పొరుగూరు పోయినపుడు, ఆషాఢములో యూరియా బస్తాకు వరుసలో నిలుచున్నపుడు అది తెలియవచ్చును.

ముందుగా గడ్డి సంగతి

మాగాణి ప్రాంతములలో వరి కోతలు ఇప్పుడు చాలవరకు యంత్రముతో జరుగుచున్నవి. యంత్రము గింజను వేరు చేసి గడ్డిని చేనంతట చిందరవందరగా వదలిపోవును. దానిని ఏరుటకు కూలీలు దొరకరు, దొరకినను కూలి గిట్టదు. తరువాత దుక్కికి అడ్డము వచ్చునని రైతు ఒక సాయంత్రము అగ్గిపుల్ల గీసి వచ్చును. "అయ్యా, తమరు కాల్చవద్దని చెప్పి పోదురు, ఆ గడ్డిని తమరు వచ్చి ఏరుదురా?" అని ఒక గ్రామములో ఒక పెద్ద రైతు మమ్ము నిలదీసినాడు. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. కావున కాల్చుటవలన ఏమి పోవుచున్నదో ముందు లెక్క చూతము, ఆ పిమ్మట వేరు దారి చెప్పుదము.

ఎకరమునకు సుమారు రెండు టన్నుల వరిగడ్డి వచ్చునని అనుకొనుడు. ఒక టన్ను గడ్డిలో 5 నుండి 8 కిలోల వరకు నత్రజని ఉండును. ఎకరము గడ్డి కాలినచో 10 నుండి 16 కిలోల నత్రజనిలో చాల భాగము పొగలో కలిసిపోవును. బజారులో కొను యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అనగా అర బస్తాకు తక్కువ గాని యూరియాను మనచేతులతో మనమే గాలికి వదలుచున్నామన్నమాట. గంధకము కూడ పోవును. పొటాష్ బూడిదలో కొంత మిగులునన్న మాట నిజమే గాని, వైశాఖ మాసపు వడగాలికి ఆ బూడిద ఎవరి చేనిలో పడునో చెప్పలేము. పైపొరలోని మేలుచేయు సూక్ష్మజీవులు మాడిపోవుట మరియొక నష్టము.

మేతగా చూచినచో లెక్క ఇంకను పెద్దది. పెద్ద పశువు ఒకటి రోజునకు ఆరు కిలోల ఎండుగడ్డి తినునని వేసికొన్నను, రెండు టన్నుల గడ్డి దానికి పదునొకండు మాసములు వచ్చును. వానలు ఆలస్యమైన ఏట మేత కొనలేక పాడి గేదెను అయినకాడికి అమ్ముకొన్న కుటుంబములు మనకు తెలియును. అట్టి కుటుంబములు మెరక ప్రాంతములలో ఉండగా, వారికి ఇరువది ముప్పది క్రోసుల దూరములోనే గడ్డి తగులబడుచుండును. ఇది చూచినపుడు మాకు కలుగు బాధ ఇంతింత కాదు.

మరి దారి ఏది? యంత్రము వదలిన గడ్డిని కట్టలుగా చుట్టు బేలరు యంత్రములు ఇప్పుడు అద్దెకు వచ్చుచున్నవి. ఒక్క రైతు పిలిచినచో అద్దె భారమగును. కాలువ వెంబడి పది మంది ఒక్కటై ఒకే వారమున పిలిచినచో భరింపదగినదిగా ఉండును. ఇంట పశువులు లేని రైతు పశువులున్నవారితో మాట్లాడుకొని, అద్దె వారు భరించునట్లు, గడ్డి వారు తీసికొనిపోవునట్లు ఒప్పందము చేసికొనవచ్చును. అదియు కుదరనిచో గడ్డిని చేనిలోనే పరచి, నీరు దొరకినప్పుడు దమ్ములో కలియదున్నవలెను. అయితే కలియదున్నిన వెంటనే నాటరాదు. గడ్డి కుళ్లు కాలములో నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడుకొనును గనుక పైరు పసుపుపచ్చబారును. రెండు మూడు వారములు ఆగవలెను.

గడ్డిని బలమైన మేతగా మార్చు విధము

వరిగడ్డి కడుపు నింపునే గాని బలము తక్కువ. అందు మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. యూరియాతో మాగవేసినచో ఇది ఏడు పాళ్ల వరకు పెరుగును, గడ్డి మెత్తబడి పశువు ఇష్టముగా తినును. చేయు విధము కష్టమైనది కాదు.

నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా, ఏబది నుండి అరువది లీటర్ల నీరు కావలెను. యూరియా పూర్తిగా కరగువరకు నీటిని కలుపవలెను. గట్టి నేలమీద గాని, టార్పాలిను మీద గాని గడ్డిని జానెడు మందమున పరచి, మొక్కలకు నీళ్లుపోయు జల్లెడ డబ్బాతో ఈ నీటిని సమముగా చల్లి కాళ్లతో తొక్కవలెను. దానిపై మరియొక వరుస పరచి మరల చల్లవలెను. ఇట్లు కుప్ప పూర్తియైన పిమ్మట ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండ కప్పి, అంచులపై మట్టి వేయవలెను. మూడు వారములకు మాగును.

తీసినపుడు ఘాటైన వాసన వచ్చును. ఆనాటికి కావలసినంత గడ్డి మాత్రము తీసి, గంటసేపు నీడలో ఆరబెట్టి, వాసన తగ్గిన పిమ్మట వేయవలెను. మొదట మామూలు గడ్డిలో కొద్దిగా కలిపి, వారము పది దినములలో అలవాటు చేయవలెను. ఆరు మాసములలోపు దూడలకు దీనిని పెట్టరాదు. మిగిలిన యూరియా నీటిని తొట్టిలో గాని పళ్లెములో గాని ఉంచరాదు. అది త్రాగిన పశువు ప్రాణము దక్కుట కష్టము. "నాలుగు కిలోలు మంచిదైనచో ఆరు కిలోలు ఇంకను మంచిది కదా" అని కొందరు అనుకొందురు. అట్లు ఎన్నడును చేయకుడు.

పెంట ఎండకు ఎండరాదు

ఈ మాట చెప్పినపుడు రైతులు కొంత నొచ్చుకొందురు. తాతల నాటినుండి వేసవిలో బండ్లు ఖాళీగా ఉండునప్పుడే పెంటను పొలమునకు తోలి చిన్న చిన్న కుప్పలుగా పోసి, వాన పడినపిమ్మట చిమ్ముట ఆచారము. బండ్లకు, ఇప్పుడు ట్రాక్టర్లకు, అప్పుడే తీరిక యగుట నిజము. కాని ఆ చిన్న కుప్పలు నెలా నెలన్నర ఎండలో ఉన్నచో నత్రజనిలో మంచి భాగము ఆవిరియై పోవును. చివరకు చేనిలో చిమ్మునది చాలవరకు పీచు, మన్ను మాత్రమే. తోలక తప్పనిచో చేని గట్టున చెట్టు నీడను ఒకే పెద్ద గుట్టగా పోసి, పైన మట్టితో అలికి ఉంచవలెను. తొలి దుక్కినాడు దానిని విప్పి చిమ్మి, ఆ పూటయే నేలలో కలియదున్నవలెను. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇంటి దగ్గర పెంటను నేలపై పోగు చేయుటకంటె మూడడుగుల లోతు గుంట మేలు. పైన తాటాకులతో గాని కొబ్బరి మట్టలతో గాని పందిరి వేసి, వారమునకొకసారి కుడితి తొట్టి కడిగిన నీరు చల్లినచో ఎండిపోక చివుకును. పశువు మూత్రములో నత్రజని పేడలో కన్న రెండింతలు పైగా ఉండునని చాలమంది ఎరుగరు. కొట్టములో పశువు తినక వదలిన గడ్డిని, ఎండుటాకును రాత్రి పరచి, తెల్లవారి తడిసినదానిని గుంటలో వేసినచో ఆ మూత్రము దక్కును. అక్కచెల్లెండ్రు పేడను పిడకలు కొట్టుట ఇప్పుడు తగ్గినది, సంతోషము.

నీటి విషయము

వేసవి ముదరగనే బోరు వెనుకబడును. అప్పుడు మరియొక బోరు వేయించుట, అదియు తప్పినచో ఇంకొకటి వేయించుట, దానికై అప్పు చేయుట రాయలసీమలోను తెలంగాణములోను ఎందరినో క్రుంగదీసినది. 2002 నాటి జల, భూ, వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము క్రొత్త బోరుకు అనుమతి పొందవలెను. చట్టము మాట అట్లుండనిచ్చి, ప్రక్క రైతు బోరుకు దగ్గరగా వేసినచో ఇద్దరి నీరును తగ్గును గాని పెరగదు. ఉన్న నీటితో ఎన్ని సెంట్లు తడుపగలమో ఫాల్గుణములోనే లెక్క చూచుకొని, అంతమాత్రమే కూరగాయలో పశుగ్రాసమో వేసికొనుట మేలు.

క్రొత్తగా నాటిన మామిడి, నిమ్మ, సపోటా మొక్కలకు కుండనీరు చక్కగా పనిచేయును. మెరుగు పెట్టని మట్టికుండను మొక్కకు జానెడు దూరములో మూతివరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. నీరు కుండ గోడలనుండి ఊరుచు వేరుకు చేరును, పైన ఎండకు ఆరదు. మూడు నాలుగు దినములకొకసారి నింపిన చాలును. కుండ అడుగున రంధ్రము చేయనక్కరలేదు. పాదులో వేరుసెనగ పొట్టు గాని, ఎండుటాకులు గాని నాలుగంగుళములు పరచవలెను.

ఇంటిలో కూరగాయలు రెండవనాటికి వడలిపోవుచున్నచో ఇటుకలతో చల్లని పెట్టె కట్టుకొనవచ్చును. దీనిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించినది. నీడపట్టున ఇటుకల నేల పరచి, చుట్టును రెండు వరుసల ఇటుక గోడను రెండడుగుల ఎత్తు కట్టి, రెండు గోడల నడుమ మూడంగుళముల సందులో ఇసుక నింపవలెను. పైన వెదురు తడికపై గోనె పరచిన మూత. ఉదయము, సాయంత్రము ఇసుకను, గోడలను, గోనెను తడిపినచో లోపల బయటికన్న ఎంతో చల్లగా ఉండును. ఆకుకూరలు, టమాటాలు నాలుగైదు దినములు నిలుచును. దీనికి కరెంటు అక్కరలేదు. సంతకు పోవు రైతుకు కూడ ఇది ఉపయోగపడును.

జొన్న కోసిన చేలున్నవారికి ఒక హెచ్చరిక. వేసవి జల్లు పడగనే మోళ్లనుండి పచ్చని పిలకలు లేచును. మేతకు మొగమువాచిన పశువు వానివైపు పరుగెత్తును. ఆ లేత పిలకలలోను, నీరులేక వాడిన లేత జొన్నలోను విషముండును. దీనినే మన పెద్దలు నాము అందురు. నాము మేసిన పశువు గంటలోపలనే పడిపోవచ్చును. వాన పడిన మరునాటినుండి పశువులను ఆ చేలవైపు తోలకుడు, మోళ్లను వెంటనే దున్నివేయుడు. పశువు నోట నురుగుతో తూలుచు ఆయాసపడుచున్నచో నాటువైద్యముతో కాలహరణము చేయక పశువైద్యుని పిలిపించుడు. ఇంజక్షను వేళకు పడినచో చాలవరకు దక్కును.