నిదురించు కంప్యూటరునకు మేలుకొలుపు

ఊరికి పోవునప్పుడు మనము బీరువాకు తాళము వైచి, పాలవానికి చెప్పి, తులసికోటకు నీరు పోయు భారము నొకరి కప్పగించి బయలుదేరుదుము. ఈ కాలమున నింకొక వస్తువును గూర్చియు నాలోచింపవలసి యున్నది. ఇంటి లెక్కలు, బిడ్డల ధ్రువపత్రముల ప్రతులు, దస్తావేజుల ప్రతులు సమస్తమును దానియందే యుండును. అదియే మన బల్లపై నుండు కంప్యూటరు. దూరమున నుండియు దానిని నిదుర లేపు విధము గృహిణులు తెలిసికొనుట యెంత యవసరమో నాకు అనుభవమువలన తెలిసినది.

గత సంవత్సరము మా అమ్మాయి పురుటికని నేను కాకినాడనుండి బెంగుళూరు పోయితిని. మా వీథిలోని పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాయు పని నాది. ఆ లెక్కలన్నియు ఇంటి కంప్యూటరునందే యుండెను. ఒకనాటి సాయంకాలము సంఘములోని యొక యామె ఫోను చేసి, “పిన్నిగారూ, రేపు మధ్యాహ్నములోపల మూడేండ్ల లెక్కలు చూపనిచో ఈ నెల అప్పు లేదని బ్యాంకువా రనుచున్నారు. పిల్లదాని కాలేజీ ఫీజునకు శనివారమే గడువు” అని కంటతడి పెట్టుకొనెను. భయపడవలదని చెప్పి, నేను ఇంటి కంప్యూటరును లేపబూనితిని. పిమ్మట నేమి జరిగెనో చెప్పుటకు ముందు, ఈ లేపుట యెట్టిదో వివరించెదను.

కంప్యూటరునకు నిదుర యనగా పూర్తిగా నారిపోవుట కాదు. తెర చీకటి యగును, పంకా యాగును. గాని నెట్‌వర్కు తీగ చేరు కార్డునకు మాత్రము కొలదిపాటి విద్యుత్తు అందుచుండును. ఇల్లంతయు నిదురించుచున్నను బాలెంతరాలి చెవి బిడ్డ యేడ్పుకై మేలుకొని యుండునట్లు, ఆ కార్డు తనకు రాబోవు పిలుపునకై వేచియుండును.

ఆ పిలుపునకు మ్యాజిక్ ప్యాకెట్టని పేరు. ఏ.ఎం.డి. సంస్థవారు హ్యూలెట్-ప్యాకర్డు సంస్థవారితో కలసి దీనిని కల్పించి 1995లో ప్రకటించిరి. 1997లో ఐ.బి.ఎం., ఇంటెల్ సంస్థలవారు వేక్-ఆన్-ల్యాన్ అను పేర ఈ పద్ధతిని లోకమున ప్రవేశపెట్టిరి. ప్రతి నెట్‌వర్కు కార్డునకును 6 బైట్ల మ్యాక్ చిరునామా యొకటి యుండును. మొదట 255 అను సంఖ్య 6 మారులు, పిదప ఆ చిరునామా 16 మారులు, వెరసి 102 బైట్లు: ఇదియే యా పిలుపు. కుంభకర్ణుని లేపుటకు భేరీలు మ్రోగింపవలసి వచ్చెను, ఏనుగులను తోలవలసి వచ్చెను. ఈ యంత్రమునకు తన పేరు 16 మారులు వినబడిన చాలును. వేఱొకరి పేరునకు కదలనే కదలదు.

ఇంటిలో నుండియే ఈ పిలుపు పంపుట సులభము. పొరుగూరినుండి పంపుటయే కష్టము. ఏలయన, నిదురించు యంత్రము తన యునికిని రౌటరునకు తెలుపజాలదు. కొంతసేపటికి రౌటరు దాని జాడ మఱచును. కావున ఇంటిలోని యంత్రములన్నిటికిని వినబడునట్లు కేక వేయవలెను. అట్టి కేకలతో దుర్జనులు అల్లరి చేయుచుండుటచే, వానిని రౌటర్లు సాధారణముగా లోనికి విడువరాదని 1999లో నియమ మేర్పడెను. పైగా మన దేశమున ననేక గృహములకు ఇంటర్నెట్టున సొంత చిరునామా లేదు. ఒక్క చిరునామానే పలు ఇండ్లవారు పంచుకొనుచుందురు.

అందుచేత ఇంటిలోపల సదా మేలుకొని యుండు కాపలాదారు డొకడు కావలెను. కొన్ని రౌటర్లే యీ పని చేయగలవు. లేనిచో అరచేత నిముడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు చాలును. మనము వి.పి.ఎన్. అను రహస్యమార్గమున దానిని చేరి, “ఆ కంప్యూటరును లేపుము” అని యాజ్ఞాపింపవచ్చును. కొందఱు రౌటరున నొక ద్వారమును తెఱచి యుంచుడని సలహా యిత్తురు. అది వలదు. లేచిన యంత్రమును నడుపుటకై మనము తెఱచిన ద్వారమున దొంగయు ప్రవేశింపగలడు.

ప్రయాణమునకు ముందు చేయవలసినవి కొన్ని కలవు. కంప్యూటరు బయోస్‌నందును, పిదప విండోస్‌లో నెట్‌వర్కు కార్డు అమరికలయందును ఈ పిలుపునకు అనుమతి యీయవలెను. కంప్యూటరును రౌటరునకు తీగతో కలుపుట మేలు. వైఫైపై నున్న యంత్రములు తఱచుగా ఈ పిలుపు వినవు. పిమ్మట దానిని నిదురపుచ్చి, ఫోనున వైఫై నాపి, మొబైలు డేటాతో పరీక్షింపవలెను. ఈ పిలుపునకు ప్రత్యుత్తరము రాదు గనుక, లేచినదో లేదో కన్నులార చూచుకొనుటయే మార్గము.

వ్యయము మాట యేమందురా? 60 వాట్లు తీసికొను కంప్యూటరును నెలదినములు మేలుకొల్పి యుంచిన సుమారు 43 యూనిట్లగును. నిదురలో 2 వాట్లే తీసికొనినచో ఒకటిన్నర యూనిట్లైనను కాదు. కాపలా యంత్రమునకు మఱికొన్ని వాట్లు చేరినను లాభమే.

ఇవన్నియు నేను చేసియే పోయితిని. అయినను ఆ సాయంకాలము ముమ్మారు పిలిచినను నా కంప్యూటరు లేవలేదు. కాపలా యంత్రము పలికినది గాని పెద్దది పలుకలేదు. తుదకు మా తోడికోడలికి ఫోను చేసితిని. “అక్కా, దీపము పెట్టవచ్చినప్పుడు బల్లక్రింద ఎఱ్ఱదీపము వెలుగుచుండెను. కరెంటు వృథాగా పోవుచున్నదని నేనే స్విచ్చి కట్టివేసితిని” అని యామె చెప్పెను. కరెంటే లేని కార్డు పిలుపు నెట్లు వినును?

ఆమె దోష మించుకయు లేదు. పనిలేని స్విచ్చి కట్టవలెనని మన పెద్దలు మనకు నేర్పినదే యామె చేసినది. యంత్రమున కన్నియు నేర్పి, ఇంట మెలగు మనుష్యుల కొక్క మాటయైనను చెప్పకపోవుట నా దోషము. పాపము, ఆమె రాత్రి తొమ్మిది గంటలకు వానలో మరల మాయింటికి పోయి స్విచ్చి వైచి మీట నొక్కెను. మఱునాటి యుదయమునకే లెక్కలు బ్యాంకున కందెను. శనివారమునకు ముందే ఆ పిల్ల ఫీజు చెల్లెను.

నాటినుండి ఆ స్విచ్చిప్రక్క “దీనిని కట్టవలదు” అని చీటి యంటించితిని. కరెంటు పోయి వచ్చినచో యంత్రము తానే లేచునట్లు బయోస్‌న నమర్చితిని. ఏలయన కొన్ని యంత్రములు కరెంటు పోయిన పిదప నొకమారు లేచినగాని పిలుపు వినవు. మా తోడికోడలికిని ఈ విద్య యంతయు నేర్పితిని. ఈ సంక్రాంతికి ఆమె పుట్టింటికి పోయినప్పుడు తన కంప్యూటరును తానే లేపుకొని, “అక్కా, లేచినది!” అని నాకు ఫోను చేసినది. సోదరీమణులారా, మీరును ఊరికి పోకమున్ను ఒకమారు పరీక్షించి చూడుడు. ఇంటి కెవరు వచ్చి దీపము పెట్టుదురో వారికిని చెప్పిపొండు.