కుండీ మొక్కలకు పొలం మందు వద్దు: సబ్బునీరు, వేపనూనెతోనే పురుగుల నివారణ

చోడవరం: ఇంటి ముంగిట, వరండాలలో కుండీలలో పెంచుకొనే మందార, గులాబి, క్రోటన్, తులసి, కరివేపాకు మొక్కలను ఆశించే పురుగులను తీవ్రమైన రసాయనిక మందులు లేకుండానే అదుపు చేయవచ్చును. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న చోడవరం, చెరకు, వరి పండించే ప్రాంతం. పొలం కొరకు తెచ్చిన మందు ఇంట్లో మిగిలి ఉండటం, దానినే కుండీ మొక్కలపై చల్లడం ఇటువంటి చోట్ల ఎదురయ్యే ప్రమాదం.

మోనోక్రోటోఫాస్ వంటి అంతర్వాహిక మందులు మొక్క రసంలో కలిసిపోతాయి. ఆకును కడిగినంత మాత్రాన అవి తొలగిపోవు. తులసి, కరివేపాకు నేరుగా ఆహారంలో చేరేవి. కూరగాయలపై ఈ మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లో నిషేధించింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఈ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు మరణించారు. ఖాళీ మందు డబ్బాలను ఇంటి అవసరాలకు ఎట్టి పరిస్థితులలోను వాడరాదు.

మందార కొమ్మల చివర తెల్లని దూదివలె కనిపించేది పిండినల్లి. లేత చిగుళ్లపై గుంపులుగా చేరేది పేనుబంక. ఆకు అడుగున ఉండి, కదిలించగానే ఎగిరేది తెల్లదోమ. ఈ మూడును రసం పీల్చి, తేనెవంటి జిగురును విసర్జిస్తాయి. దానిపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. జిగురు కొరకు వచ్చే చీమలు ఈ పురుగులను శత్రువుల నుండి కాపాడుతాయి. కనుక చీమల బారు కనిపించిన వెంటనే మొక్కను పరిశీలించవలెను. కరివేపాకుపై పక్షిరెట్టవలె కనిపించేవి సీతాకోకచిలుక గొంగళి పురుగులు. వీటిని చేతితో ఏరివేస్తే చాలును.

మొదట ఎక్కువగా పురుగు పట్టిన కొమ్మలను కత్తిరించి నాశనం చేయవలెను. పిమ్మట ఆకుల అడుగుభాగం తడిసేటట్లు నీటిని ధారగా కొట్టవలెను. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంవేళ పిచికారి చేయవలెను. పిండినల్లి గుడ్లను దూదివంటి పొర కాపాడుతుంది. గుడ్ల నుండి పిల్లలు తరువాత వెలువడతాయి కావున వారానికొకసారి చొప్పున మూడు పర్యాయాలు చల్లడం అవసరం. అక్షింతల పురుగులు పేనుబంకను తినే మిత్ర పురుగులు, వాటిని చంపరాదు.

కొత్త పురుగులు మొక్కలతో పాటే ప్రయాణిస్తాయి. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో మన దేశంలో తొలిసారి తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించి, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ కొబ్బరి తోటలకు వ్యాపించింది. అందువలన నర్సరీ నుండి తెచ్చిన మొక్కను రెండు వారాలపాటు మిగిలిన వాటికి దూరంగా ఉంచడం మంచిది. గుర్తు తెలియని పురుగు కనిపించినచో, ఆ ఆకును మూతిబిగించిన పాలిథిన్ సంచిలో ఉంచి ఉద్యానశాఖ అధికారులకు చూపి, వారి సలహా మేరకే తదుపరి చర్య తీసుకోవలెను.