కుట్టిన నరంలో పోగులు సాగుతున్నాయా?

మణికట్టు దగ్గర తెగిన మీడియన్ నరాన్ని, అంటే బొటనవేలి కదలికకూ అరచేతి వైపు మూడున్నర వేళ్ల స్పర్శకూ ఆధారమైన నరాన్ని, శస్త్రవైద్యులు సూక్ష్మదర్శిని కింద ఎంత నేర్పుగా కుట్టినా ఆ కుట్టు కలిపేది తొడుగులనే తప్ప, లోపల సంకేతాలను మోసే ఆక్సాన్లు అనే సన్నని పోగులను కాదు. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి చూపినట్టు, కోతకు అవతలి పోగులన్నీ క్షీణిస్తాయి. ఇవతలి నుంచి కొత్తవి మొలిచి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పాత దారి వెంట సాగాలి. గాయం భుజం దగ్గరైతే ఆ ప్రయాణానికి ఏడాది దాటుతుంది. ఈలోగా సంకేతం అందని కండరమేమో సుమారు 12 నుంచి 18 నెలల్లో కోలుకునే శక్తినే కోల్పోతుంది.

చిక్కంతా ఈ నిరీక్షణలోనే ఉంది. నరం మీద తట్టి ఎంతవరకు జివ్వుమంటుందో చూసే పరీక్ష, 1915లో, యుద్ధంలో ఎదురెదురు పక్షాలకు చెందిన ఫ్రెంచి వైద్యుడు టినెల్, జర్మన్ వైద్యుడు హాఫ్‌మన్ విడివిడిగా వివరించినది, నేటికీ వాడుకలో ఉన్నా రోగి చెప్పే మాటపైనే ఆధారపడుతుంది; కండరంలో సూది గుచ్చి విద్యుత్ చర్యను కొలిచే ఈఎంజీ పరీక్ష, పోగులు కండరాన్ని చేరాకగాని శుభవార్త చెప్పదు.

ఆ మధ్యకాలంలో అక్కరకొచ్చేవి చిత్రణ పద్ధతులు. అధిక పౌనఃపున్య అల్ట్రాసౌండు, తక్కువ ఖర్చుతోనే, కుట్టు విడిపోయిందా, పోగులు దారితప్పి న్యూరోమా అనే గడ్డగా చుట్టుకున్నాయా అన్నది చూపగలదు. అయితే బాగా కోలుకున్న నరం కూడా కుట్టు దగ్గర లావుగానే ఉండిపోవచ్చు కాబట్టి మందాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. ఎంఆర్ఐలో ఒక విధానమైన డిఫ్యూజన్ టెన్సర్ చిత్రణ నీటి అణువుల కదలికను కొలుస్తుంది: పోగుల పొడవునా నీరు సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతుంది గనుక, ఆ తేడాను 0 నుంచి 1 వరకు సూచించే విలువ నరం తెగినప్పుడు పడిపోయి, కొత్త పోగులు ముందుకు సాగేకొద్దీ కుట్టు నుంచి కిందివైపుగా మళ్లీ పెరుగుతుంది. ఈ పద్ధతిలో కనిపించే రంగురంగుల గీతలు నిజమైన పోగుల ఫొటోలు కావు, కంప్యూటరు లెక్కగట్టి గీసినవి. చూడముచ్చటగా ఉన్నంత మాత్రాన వాటిని అతిగా నమ్మడం పొరపాటు.

పైగా స్పర్శకు చెందిన పోగు పొరపాటున కండరానికి వెళ్లే తొడుగులో దూరినా ఆ విలువ అలాగే పెరుగుతుంది, చేతికి మాత్రం ప్రయోజనం దక్కదు. కనుక ఈ చిత్రాల అసలు ఉపయోగం కోలుకున్నట్టు ధ్రువీకరించడం కన్నా, కోలుకోవడం లేదని ముందే పసిగట్టడంలో ఉంది: అలా పసిగడితే గడ్డను కోసి, పిక్క నుంచి తీసిన సూరల్ నరపు ముక్కతో వంతెన వేయడానికి కండరం ఇంకా బతికి ఉన్న నెలలు మిగులుతాయి.