ఆగిన బండికి లెక్క

మా బాపు బోధనులోని చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. చెరకు బండ్లు తూచే కాటా దగ్గర ఆయన పని. 1937లో, నిజాం కాలంలో స్థాపించిన ఫ్యాక్టరీ అది. చుట్టూ వెలిసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. చిన్నప్పుడు నేను సద్ది తీసుకుపోతే, గేటు బయట వరుసగా నిలిచిన బండ్లను చూపించి, "బండి ఆగిందంటే చక్కెర పోయినట్టే బిడ్డా!" అనేవాడు. ఎక్కడికి పోతుందని అడిగితే నవ్వేవాడు.

సంగతేమిటంటే, కోసిన చెరకు ఎండలో నిలువ ఉంటే నీరు ఆవిరై తూకం తగ్గుతుంది. అంతకన్న పెద్ద నష్టం కంటికి కనబడదు. గడలోని చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. అవీ తియ్యనివే గాని బస్తాకెక్కే పలుకు కావు, మొలాసిస్‌లోకి పోతాయి. అందుకే కోసిన 24 గంటలలోగా గానుగాడాలని అంత తొందర.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బాపు మాట మాత్రం మరొకచోట నాకు అక్కరకు వచ్చింది.

నేను నిజామాబాదులో ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగిని. 2023లో మా ఊళ్ళో ఐ.టి. హబ్ తెరిచారు గాని, మా ఆఫీసు అందులోది కాదు. చిన్నది, ఎనిమిదిమందిమి. వ్రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చడాన్ని మేము బిల్డు అంటాం. ఒక్క పంక్తి దిద్దినా మొత్తం బిల్డు మళ్ళీ చేసేవాళ్ళం. ప్రతిసారీ పది నిమిషాలు. మనిషి కుర్చీలోనే ఉన్నాడు, జీతం నడుస్తున్నది. పని మాత్రం గేటు బయట నిలబడ్డది!

మారని భాగాలను దాచిపెట్టుకొని, మారినదాన్నే తిరిగి కట్టే పనిముట్టు ఒకటి ఉన్నది. అద్దె మనిషికి నెలకు 2,500 రూపాయలు. మేనేజరుగారి దగ్గరకు పోయి, "చాలా మంచిది సార్, అందరూ వాడుతున్నారు" అన్నాను.

"ఎనిమిదిమందికి నెలకు 20,000. మంచివన్నీ కొంటూ పోతే జీతాలు ఎట్లా ఇచ్చేది?" అన్నారాయన.

కోపం వచ్చింది. ఇంటికి పోయి ఆలోచిస్తే న్యాయం ఆయనవైపే ఉన్నదనిపించింది. నేను తీసుకుపోయింది కోరిక, లెక్క కాదు.

మర్నాడే ఒక నోటుబుక్కు పెట్టాను. ఎవరు రోజుకు ఎన్ని నిమిషాలు కాచుకున్నారో రెండు వారాలు వ్రాశాం. అమ్మేవారు ఉచితంగా వాడి చూడమన్న రెండు వారాలూ అట్లాగే వ్రాశాం. తేలిందేమిటంటే, ముగ్గురికి ఆ పనిముట్టుతో అవసరమే లేదు. మిగిలిన ఐదుగురికి రోజుకు 60 నిమిషాల నిరీక్షణ 20కి దిగింది. ఐదుగురివీ కలిపితే, 22 పనిదినాలకు 73 గంటల 20 నిమిషాలు.

"ఆ వేళంతా పనే చేస్తారని ఏమిటి నమ్మకం? టీ కొట్టుకు పోతే?" అని మేనేజరుగారు అడుగుతారని తెలుసు. అందుకే సగమే లెక్కలో వేశాను. మా ఆఫీసులో మనిషి గంటకు అయ్యే ఖర్చు 500 రూపాయలు. వచ్చే లాభం 18,333. ఐదుగురికి అద్దె 12,500. ఎనిమిదిమందికీ కొంటే మాత్రం నష్టమే! ఆ ముక్క కూడా కాగితం మీద పెట్టాను. "మా పేర్లు ఎందుకు కొట్టేశావు?" అని ఆ ముగ్గురూ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

1982లో ఐ.బి.యం.కు చెందిన వాల్టర్ డోహర్టీ, అరవింద్ థడానీ అనేవారు, కంప్యూటరు జవాబిచ్చే వేళ తగ్గించితే, మిగిలిన సెకండ్లకు మించి పని పెరుగుతుందని చూపారు. కాచుకునేటప్పుడు గడియారం ఒక్కటే నడవదు, ఆలోచన తెగిపోతుంది. కంటికి కనబడని చక్కెర అదే కాబోలు. ఇదీ చెప్పాను గాని, లెక్కలో కలపలేదు.

మేనేజరుగారు కాగితం రెండుసార్లు చదివారు. "నష్టం వచ్చే చోటు నువ్వే చెప్పావు గనుక మిగతాది నమ్ముతున్నాను" అని మూడు నెలలకు సంతకం చేశారు. ప్రతి నెలా నోటుబుక్కు చూపాలని షరతు.

మీరూ పైవారిని ఏదైనా అడగబోతే, ముందు మీ ఆగిన బండ్లను తూచుకోండి. కాటా మీద మాత్రం మన చెయ్యి వేయకూడదు.