నాగరకశబ్దార్థవిచారము

మాటయందును నడతయందును నేర్పు గలిగి, కూడినవారి మనస్సులను రంజింపఁజేయువాఁడు నాగరకుఁడు. ఈ శబ్దమునకు 'నగరమున నుండువాఁడు' అని మాత్రమే యర్థము చెప్పి విడిచినచోఁ గావ్యములయందలి తాత్పర్యము చెడును.

పాణిని నగరశబ్దముపై నిందగాని ప్రావీణ్యముగాని తోఁచునపుడే వుఞ్ ప్రత్యయమును విధించెను (అష్టాధ్యాయి 4.2.128). 'వు' అనుదానికి 'అక' యాదేశమును, ఞకార మిత్తగుటచే నాదివృద్ధియుఁ గలిగి 'నాగరక' రూపము సిద్ధించును. నివాసమాత్రము వివక్షితమైనపుడు 'నాగర' యనియే రూపము. కాశికావృత్తి నిందకు దొంగను, ప్రావీణ్యమునకుఁ జిత్రకారుని నుదాహరించినది. నేర్పు ఇరువురకును సమానమే, వినియోగమే వేఱు.

'నాగరిక' రూపమునకు మార్గము వేఱు. 'అందు నియుక్తుఁడు' అను నర్థమున ఠక్ప్రత్యయము గలదు (4.4.69). కౌటిల్యుని యర్థశాస్త్రమున నాగరికుఁడు పురపాలనాధికారి. కాలక్రమమున నీ రెండురూపములును గలిసిపోయి, నాగరికశబ్దమును జాతుర్యార్థమునఁ బ్రయుక్తమయ్యెను.

వాత్స్యాయనుఁడు కామసూత్రప్రథమాధికరణమున నొక యధ్యాయమును నాగరకవృత్తమునకే కేటాయించెను. వీణయు, చిత్రఫలకమును, పుస్తకమును నాగరకుని గదిలో నుండవలసినవి. గోష్ఠియందు వాఁడు కేవల సంస్కృతమునఁ గాని కేవల దేశభాషనుగాని మాటలాడరాదు. ఎదుటివా రెఱిఁగి మెచ్చునట్లు పలుకుటయే నాగరకత యని దీనివలనఁ దేలుచున్నది.

కాళిదాసునియందు నిందయుఁ బ్రావీణ్యమును నొక్కచోటనే కానవచ్చును. విక్రమోర్వశీయతృతీయాంకమున, మనస్సు వేఱొకతెయందు లగ్నమైన నాగరికులు భార్యయెడ మఱింత దాక్షిణ్యము చూపుదురని చిత్రలేఖ పలుకును. శాకుంతలపంచమాంకమున, నలిగిన హంసపదికను నాగరికవృత్తితో సమాధానపఱుపు మని రాజు విదూషకుని బంపును. ఈ రెండుచోట్లను 'పట్టణవాసి' యని చెప్పినచో మాటలోని చుఱుకు పోవును. ఆ మర్యాద నిజమైనదియే. దానివెనుక స్నేహము తగ్గియుండుటయు నిజమే.

నేఁటి తెలుఁగున 'నాగరికత' సంఘాభ్యుదయమునకుఁ బేరై శ్లాఘార్థమునందే నిలిచినది. పురసంబంధమగు 'పౌరుఁడు' గుణదోషములు రెంటిని దెలుపదు. ఈ వాడుకల నలవాటుపడిన విద్యార్థి ప్రాచీనగ్రంథములలో నాగరకుని జూచి, వానియందు మెప్పునే కాని, పట్టణవాసమునే కాని గ్రహించును. కాఁబట్టి బోధకులు ప్రకరణమును బట్టి మొదట నది శ్లాఘయో నిందయో నిర్ణయించి, పిమ్మట నర్థము చెప్పవలయును. రెండును గలిసినచోట రెంటినిఁ జెప్పుటయే పాణినికి సమ్మతము.