డీప్ ఫ్రీజర్‌కు పగ్గం

అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నంబరు హైవే మీద తగిలే గార్లదిన్నెలోనే కాదు, కరువు సీమలో ఏ మండల కేంద్రానికి పోయినా కిరాణా కొట్టులోనో బేకరీలోనో పైమూత ఎత్తి తీసే పొడవాటి తెల్ల పెట్టె ఒకటి కనిపిస్తుంది. ఐస్‌క్రీం ఫ్రీజర్ అని, డీప్ ఫ్రీజర్ అని పిలిచే ఆ పెట్టెకు వచ్చిన విద్య ఒక్కటే: లోపల పెట్టినదాన్ని మైనస్ 18 డిగ్రీల దాకా లాగి గడ్డకట్టించడం. ఐస్‌క్రీంకు అది చాలు. పాలు, పెరుగు, దోసెపిండి అలా కాదు. పులిసిన పిండిని ఆపి ఉంచాలంటే 4 డిగ్రీలు కావాలి, అదే పిండి సరిగ్గా పులవాలంటే 28 కావాలి. మే నెలలో పగలు 40 దాటి, రేకుల కప్పు కింద రాత్రి పదింటికి కూడా సెగ తగ్గని చోట ఈ నడిమి అంకెలను పట్టి నిలబెట్టడమే అసలు కష్టం. దానికి కొత్త యంత్రం ఏమీ అక్కర్లేదు. ఉన్న డీప్ ఫ్రీజర్‌కే బయటినుంచి ఒక చిన్న టెంపరేచర్ కంట్రోలర్ తగిలిస్తే సరిపోతుంది. కానీ ఆ కంట్రోలర్ ఎంత మంచిదైనా దాని సెన్సర్‌ను గాలిలో వేలాడదీస్తే పని చెడుతుంది. ఏ వస్తువు చల్లబడాలో ఆ వస్తువునే కొలవాలి. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే చాలామంది ‘ఫ్రీజర్‌తో ఇలాంటి పనులు కావు’ అని తేల్చేస్తారు.

ఫ్రీజర్‌కు కంట్రోలర్ తగిలించే ఈ కిటుకును బాగా వాడుకలోకి తెచ్చినవాళ్లు ఇళ్లలో బీరు కాచుకునే అమెరికన్లు. అక్కడ 1978లో ఫెడరల్ చట్టం మారి, పెద్దలు ఇద్దరున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి బీరు చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. బీరును పులియబెట్టే ఈస్టుకు వేడి విషయంలో పట్టింపు ఎక్కువ. ఏల్ రకానికి 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్ రకానికి 7 నుంచి 13 డిగ్రీలు ఉండాలి. అంతకు మించితే అది చురుగ్గా పనిచేస్తుంది గానీ ఘాటైన వాసనలు, తలనొప్పి తెప్పించే సరుకు మిగులుస్తుంది. యంత్రాలు లేని కాలంలో బవేరియా పాలకులు దీనికి చట్టంతోనే మందు వేశారు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచకూడదని 1553లో శాసించారు. ఆ నిషేధం దాదాపు మూడు వందల ఏళ్లు నడిచింది. తర్వాత 1870లలో కార్ల్ ఫాన్ లిండె తన శీతల యంత్రాన్ని మొదట నిలబెట్టింది కూడా మ్యూనిక్‌లోని ఒక బీరు కార్ఖానాలోనే. మన వంటింటి ఫ్రిజ్‌కు పూర్వీకులెవరని వెతికితే బీరు వాసన తగులుతుందంటే కొందరికి మింగుడుపడకపోవచ్చు. ఇంతకీ ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరైనా సారా అయినా తయారుచేయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఆ విషయంలో మొహమాటం లేకుండా ఉంది. అందుకే ఇక్కడ చెప్పేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీలో బీరు కాచుకునే తెలుగువారికి నేరుగా పనికొస్తుంది, గార్లదిన్నెలో మాత్రం పిండికీ పెరుగుకూ పనికొస్తుంది. సూక్ష్మజీవి వేరే, సూత్రం అదే.

కంట్రోలర్ చేసే పని చూడటానికి చాలా తేలిక. ఎక్కువగా దొరికే ఎస్‌టీసీ-1000 అనే రకాన్నే తీసుకుందాం. అగ్గిపెట్టెలు రెండు మూడు కలిపినంత పెట్టె, ముందు ఎర్ర అంకెలు, వెనక నుంచి సన్నని వైరు చివర నల్లటి మొన. ఆ మొనే సెన్సర్. ఫ్రీజర్‌కు కరెంటును నేరుగా గోడ నుంచి కాక దీని గుండా ఇస్తే, సెన్సర్ దగ్గర వేడి పెరిగినప్పుడు ఫ్రీజర్‌కు కరెంటు ఇస్తుంది, చాలినంత చల్లబడగానే తీసేస్తుంది. ఫ్రీజర్ లోపలి థర్మోస్టాట్‌ను కదిపే పనే లేదు. ఎఫ్1 అనే సెట్టింగులో కావలసిన డిగ్రీ పెట్టాలి. ఎఫ్2లో ఎంత తేడా వస్తే మళ్లీ స్టార్ట్ కావాలో, ఎఫ్3లో కంప్రెసర్ ఆగాక ఎన్ని నిమిషాలు ఆగి మళ్లీ మొదలవ్వాలో పెట్టాలి. చివరిది చాలా ముఖ్యం. కంప్రెసర్ ఆగిన వెంటనే గొట్టాల్లో ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, అది సర్దుకోకముందే మోటారు తిప్పితే తిరగలేక ముక్కుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వైండింగ్ కాలిపోయే ప్రమాదం ఉంటుంది. కరెంటు వచ్చిపోయే మన ఊళ్లలో ఇంటింటా ఉన్న స్టెబిలైజర్ మూడు నిమిషాలు లైటు వెలిగించుకుని ఊరికే కూర్చునేది ఇందుకే. ఎఫ్3ని కనీసం 5 నిమిషాలకు పెడితే ఆ దిగులు తీరుతుంది.

ఇక సెన్సర్ సంగతి. రెండు వందల లీటర్ల ఫ్రీజర్‌లో గాలి బరువు పావు కిలో కూడా ఉండదు. దాన్ని ఒక డిగ్రీ చల్లార్చడానికి తీయవలసిన వేడి పావు కిలోజౌలే. అదే 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ దించాలంటే 84 కిలోజౌళ్లు తీయాలి. అంటే మూడు వందల రెట్లకు పైగా. సెన్సర్‌ను గాలిలో వదిలేస్తే అది ఆ పావు కిలో గాలి మాటే వింటుంది. మూత ఎత్తగానే వేడెక్కిందంటుంది, మూసిన రెండు నిమిషాలకు చల్లబడిందంటుంది, కంప్రెసర్ ఆగి మొదలై, ఆగి మొదలై అలసిపోతుంది. లోపలి పాత్రలో సరుకు మాత్రం ఇంకా తన పాత వేడి మీదే ఉంటుంది. పైగా పులుస్తున్న సరుకు తానూ వేడి పుట్టిస్తుంది. బీరు జోరుగా పొంగుతున్న రోజుల్లో పాత్ర మధ్యలో వేడి చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గాలి 20 చూపిస్తున్నంత మాత్రాన బీరు 20లో ఉన్నట్టు కాదు. అందుకని సెన్సర్‌ను నేరుగా పాత్ర మధ్యలో ముంచితే అప్పుడు ఎదురయ్యేది ఇంకో చిక్కు. డీప్ ఫ్రీజర్‌లో చల్లదనం ఇచ్చే గొట్టాలు గోడల లోపల చుట్టి ఉంటాయి. సరుకు మధ్యలోకి చల్లదనం చేరేదాకా కంప్రెసర్ ఆగకుండా నడిస్తే ఆ గోడలు బాగా చల్లబడిపోతాయి, మోటారు ఆగాక కూడా చాలాసేపు వేడిని లాగుతూనే ఉంటాయి. అంచున పిండి గట్టిపడుతుంది, నడుమ వేడి అనుకున్నదాని కంటే కిందికి జారుతుంది. అటూ ఇటూ కాని తోవ ఏమిటంటే, మొనను పాత్ర బయటి గోడకు సగం ఎత్తులో టేపుతో అంటించి, దాని మీద నాలుగు మడతల గుడ్డో థర్మాకోల్ ముక్కో కప్పి కట్టడం. అప్పుడు గాలి దానికి తగలదు, పాత్ర గోడ ద్వారా సరుకు వేడి తెలుస్తుంది, కంప్రెసర్‌కూ మరీ ఆలస్యంగా కబురు అందదు. ఎఫ్2ని బీరుకు అర డిగ్రీ, పిండికి ఒకటి రెండు డిగ్రీలు పెడితే చాలు. అర డిగ్రీ లోపు పట్టింపుకు పోతే నష్టపోయేది కంప్రెసరే.

ఇదంతా విడ్డూరంగా ఉందనుకునేవారు తమ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి ఒకసారి తొంగి చూడాలి. అక్కడ టీకాలు దాచే ఐఎల్‌ఆర్, అంటే మంచు పొర ఉన్న ఫ్రిజ్, సరిగ్గా ఇలాంటి పైమూత పెట్టే. తలుపు పక్కకు తెరుచుకునే ఫ్రిజ్‌లో తలుపు తీయగానే బరువైన చల్లగాలి కిందికి జారి బయటికి పోతుంది. పైమూత పెట్టెలో అది కదలకుండా అడుగునే ఉండిపోతుంది. గోడల చుట్టూ పేర్చిన నీటి గొట్టాలు గడ్డకట్టి ఉండటం వల్ల, రోజుకు 8 గంటలు మాత్రమే కరెంటు ఉన్నా లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలుస్తుంది. అడుగు ఎక్కువ చల్లగా ఉంటుంది కాబట్టి గడ్డకడితే పాడయ్యే పెంటావలెంట్, హెపటైటిస్-బి టీకాలను పై బుట్టల్లో పెడతారు, ఆ టీకాల పక్కనే థర్మామీటరు ఉంచి రోజుకు రెండుసార్లు చూసి రాసుకుంటారు. మూత తీయడం, చదవడం, పుస్తకంలో రాయడం: ఇంత బరువైన బాధ్యతలో కూడా కొలత ఎక్కడో గాలిలో కాక, టీకా ఉన్న చోటే జరుగుతుంది. అక్కడి చల్లటి నీటి గొట్టాలు చేసే పనినే మన ఫ్రీజర్‌లో నీళ్లు నింపిన నాలుగు బాటిళ్లు చిన్న ఎత్తున చేస్తాయి. కరెంటు పోయినా వేడి నెమ్మదిగా ఎక్కుతుంది.

పిండి దగ్గరికి వద్దాం. రుబ్బిన మినప్పప్పు, బియ్యం పిండిలో మొదట పెరిగే బ్యాక్టీరియా గాలి పుట్టించి పొంగిస్తుంది, వెనకాలే పులుపు తెచ్చేవి వేగం అందుకుంటాయి. స్థూలంగా 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం రెండింతలో మూడింతలో అవుతుంది. 28 డిగ్రీల దగ్గర రాత్రి రుబ్బితే తెల్లవారికి దోసెకు సరిపడా పొంగే పిండి, 38 దగ్గర నడిరాత్రికే పొంగి, పొద్దున పెనం మీదికి వచ్చేసరికి పళ్లు పులిసిపోయేలా ఉంటుంది. ఎర్రకారం పూసినా ఆ పులుపు దాగదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కథ అడ్డం తిరుగుతుంది. అనంతపురం పీఠభూమిలో చలి బాగానే కొడుతుంది, పిండి కదలదు. అప్పుడు అదే ఎస్‌టీసీ-1000కు ఉన్న రెండో రిలేకు, అంటే లోపలి స్విచ్చికి, చిన్న బల్బునో హీటింగ్ ప్యాడ్‌నో తగిలిస్తే అదే పెట్టె వెచ్చగా పనిచేస్తుంది. పొంగాక ఎఫ్1ని 4కు మారిస్తే పులవడం దాదాపు ఆగుతుంది. ఇక్కడ హోటళ్లవారు చేసే పొరపాటు ఒకటుంది. ఇరవై కిలోల పిండిని ఒకే లోతైన డబ్బాలో పెట్టి చల్లార్చాలనుకుంటారు. దాని నడుమ భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ అది పులుస్తూనే ఉంటుంది. వెడల్పాటి నాలుగు గిన్నెల్లో పంచితే త్వరగా దిగుతుంది.

తడిగోనె చుట్టిన కుండ చాలదా అని పెద్దవాళ్లు అడిగితే తప్పు పట్టలేం. ఏప్రిల్‌లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, తడి ఆరుతూ కుండను నిజంగానే చల్లబరుస్తుంది. కోస్తాలో అంత ఫలితం రాదు. కానీ ఎంత చల్లబడాలో గోనెకు చెప్పలేం, పొద్దంతా నీళ్లు చల్లుతూ ఉండాలి, సెప్టెంబరులో తేమ పెరగగానే అది చేతులెత్తేస్తుంది. కరెంటు బిల్లు పేరు చెప్పి భయపడేవారికి లెక్క ధైర్యం చెబుతుంది. 20 లీటర్ల నీటిని 35 నుంచి 20 డిగ్రీలకు దించాలంటే తీయవలసిన వేడి 1,260 కిలోజౌళ్లు, అంటే 0.35 యూనిట్. ఒక వంతు కరెంటుతో రెండు వంతుల వేడిని తోడినా అయ్యేది 0.2 యూనిట్ లోపే. గోడల గుండా లోపలికి చొరబడే వేడి లోపలా బయటా ఉన్న తేడాను బట్టి ఉంటుంది: 40 డిగ్రీల గదిలో మైనస్ 18 దగ్గర ఆ తేడా 58, 20 డిగ్రీల దగ్గర 20. అంటే ఫ్రీజర్‌ను దాని సహజ పద్ధతిలో వదిలేయడమే ఖరీదు. కంపెనీలు అమ్మే కన్వర్టిబుల్ రకాలు ఉన్నాయిగా అంటే, అవి 2 నుంచి 8 మధ్య బాగానే నడుస్తాయి గానీ 20కో 28కో రావు. పాలు, పెరుగు మాత్రమే పెట్టుకునేవారికి అవే మేలు, ఈ తంటా అక్కర్లేదు.

నిజమైన అభ్యంతరాలు వేరే ఉన్నాయి. సున్నా కంటే పైన నడిపితే గోడల మీద మంచుకు బదులు నీరు పడుతుంది, అడుగున నిలిచి బూజు పడుతుంది. ఎండాకాలం ఇక్కడ అది తక్కువే, వానాకాలం మాత్రం వారానికొకసారైనా పొడిగుడ్డతో తుడవాలి. చల్లగాలి అడుగునే ఉండిపోయి పైగిన్నె వెచ్చగా మిగిలితే, పాత కంప్యూటరులోని చిన్న ఫ్యాన్ ఒకటి లోపల తిప్పితే సరిపోతుంది. చాలా డీప్ ఫ్రీజర్లు తోడిన వేడిని పక్క గోడల గుండానే బయటికి వదులుతాయి కాబట్టి గోడకు ఆనించి, రేకుల కింద ఇరుకులో పెట్టిన ఫ్రీజర్ ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా ఏడుస్తుంది. జానెడు సందు వదలాలి. విదేశాల్లో బీరు పులియబెట్టేవారు మూత ఎత్తగానే తల లోపలికి పెట్టకూడదు, పులవడంతో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బరువుగా ఆ పెట్టెలోనే నిండి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా కంట్రోలర్ రిలే. 10 ఆంపియర్లని రాసి ఉన్నా, స్టార్టింగులో కంప్రెసర్ క్షణంపాటు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు ఏదో ఒకనాడు అతుక్కుపోవచ్చు. అప్పుడు అంకెలు ఏం చూపినా ఫ్రీజర్ ఆగదు, తెల్లారేసరికి పిండి రాయి. పెద్ద ఫ్రీజరైతే ఎలక్ట్రీషియన్‌తో మధ్యలో ఒక కాంటాక్టర్ (బరువైన స్విచ్చి) పెట్టించి, దాన్ని మాత్రమే ఎస్‌టీసీ నడిపేలా చేయాలి. వైర్లు బయటికి కనిపించకుండా పెట్టెలో బిగించి, ఎర్తు తప్పకుండా ఇప్పించాలి. తడి చేతులతో పిండి తోడే చోట ఇది.